ఊపిరికి చోటు వదిలిన మేష్ట్రు

బ్యాండు మేష్ట్రు పోయారన్న కబురు నాకు ఒక గిటారు బొమ్మతో వచ్చింది.

మంగళవారం పొద్దున హూడిలో మా ఆఫీసు క్యాంటీన్లో ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుని ఉన్నాను. మా అమ్మాయి చదివే బడి పేరెంట్స్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. ఊదారంగు ఆకాశం, ఎగిరే పావురాలు, మూలన ఒక గిటారు, మధ్యలో మేష్ట్రు ఫొటో. సంగీతమే శ్వాసగా బతికిన మా ప్రియతమ గురువు ఇక లేరు అని ఇంగ్లీషులో రాశారు. ఆయన జన్మలో గిటారు ముట్టలేదు. ఆ ప్రియతమ గురువును నిరుడు బయటికి పంపించిందీ ఆ బడివాళ్లే. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. వాటి మధ్యలో ఒకాయన స్కూలు బస్సు ఇంకా రాలేదేమని అడిగాడు. ఆయన ప్రశ్నకు కూడా ఎవరో చేతులు జోడించిన బొమ్మే పెట్టారు.

ఇడ్లీ ప్లేటు పక్కకు నెట్టేశాను. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది రోత.

ఈ నాలుగు మాటలూ ఆ రోతతోనే రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనసు మెత్తబరుచుకోవాలంటారు. నాకు చేతకావడం లేదు. మేష్ట్రు కూడా మెత్తటి మనిషేం కాదు.

మాది బళేపేట, ఊరి నడిబొడ్డున పాత బజారు. మా నాన్నకు గాజుల అంగడి ఉండేది. మా వీధి చివరి ఇంట్లో మేష్ట్రు, ఆయన భార్య ఉండేవాళ్లు. ఆమెను నేను పెద్దమ్మా అంటాను. మేష్ట్రు ఒక కార్ఖానా బ్యాండులో క్లారినెట్ వాయించేవారట. ఆ బ్యాండు మూతపడ్డాక మా ఆడపిల్లల బడికి బ్యాండు నేర్పడానికి వచ్చారు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల ప్యాంటు, నల్లరంగు వేసిన జుట్టు, చొక్కా జేబులో దువ్వెన. తన అందం మీద ఆయనకు చాలా నమ్మకం. కాఫీలో మీగడ తునక కనిపిస్తే కప్పు వెనక్కి పంపించేవారు. వేరే బడి బ్యాండును ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట మాట్లాడేవారు కాదు. ఒకసారి డ్రమ్ము వాయించే పిల్లను తిట్టి ఏడిపించి, మర్నాడు ఆ పిల్లకు బిస్కెట్ పొట్లం తెచ్చిచ్చారు. సారీ మాత్రం చెప్పలేదు.

ఆయన నోట్లో ఎప్పుడూ ఉండే మాట "ఛీ". జిడ్డు చేతులతో కాగితం పట్టుకుంటే ఛీ. అరిగిపోయిన జిరాక్సు కాపీ మీద స్వరాల చుక్కలు కనబడకపోతే ఛీ. వాయించడం అయ్యాక అందరి ఊదుడు ముక్కలూ విప్పదీయించి, గోరువెచ్చటి నీళ్లలో కడిగించి, తెల్ల గుడ్డ మీద ఆరబెట్టించేవారు. ఒకరోజు నా క్లారినెట్‌ను పక్క పిల్ల సరదాగా తీసుకుని ఊదింది. ఆయన గది అటుచివర నుంచి పరుగెత్తుకొచ్చారు.

"ఛీ ఛీ! ఎంగిలి మా! ఒకరు ఊదింది ఇంకొకరు నోట్లో పెట్టుకుంటారా? నీ గాలి నీది, ఆ పాప గాలి ఆ పాపది. తెలిసిందా?"

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

బ్యాండులో చేరతానని వెళ్లిన రోజు నేను ఎడమ చేతిని లంగా మడతల్లో దాచుకున్నాను. చిన్నప్పుడు అంగడి షట్టరు జారిపడి నా ఎడమ చిటికెన వేలు సగానికి పోయింది. మేష్ట్రు చెయ్యి చాపమన్నారు. జాలిపడలేదు. కొలత తీసుకునే దర్జీలా వేలిని అటూ ఇటూ తిప్పి చూశారు.

"క్లారినెట్‌కి ఈ వేలు కావాల" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది.

"ఏడుస్తావెందుకు? కావాలంటి, అంతే. కావాల్సినవన్నీ అందరికీ ఉంటాయా ఏమి? రేపు రా."

మర్నాడు వెళ్తే నా చేతిలో ఒక కాగితం పెట్టారు. బ్యాండులో ఒక్కో వాయిద్యం వాయించాల్సిన భాగాన్ని విడిగా రాసిన కాగితాన్ని పార్టు అంటారు. అయిదేసి గీతలు, వాటి మీద చుక్కలు, తోకలు. మామూలుగా పైమూలన వాయిద్యం పేరు ఉంటుంది. మేష్ట్రు రాసిన పార్టుల మీద పిల్లల పేర్లుండేవి. నా పేరున్న ఆ కాగితంలో, లేని వేలితో నొక్కాల్సిన స్వరం ఒక్కటీ లేదు. అవన్నీ పక్క పిల్ల పార్టులోకి వెళ్లాయి. ఆ పిల్లకు పలకని పై స్వరాలు నాకొచ్చాయి. ఇద్దరం కలిసి వాయిస్తే పాట ఎక్కడా తెగేది కాదు.

"పాటకి తగిన చెయ్యి తెచ్చుకోమని పిల్లోళ్లకి చెప్పేది సులభం మా. చేతికి తగినట్ల పాట రాసేదే కష్టం. దానికే గదా నేనుండేది" అన్నారు.

అప్పటికి నాకు ఆ మాట విలువ తెలియదు. నా చెయ్యి దాచుకోవాల్సిన పని తప్పిందని మాత్రమే తెలిసింది. ఆ తర్వాత నేను చేతిని దేని మడతల్లోనూ దాచలేదు.

పెళ్లయ్యాక ఊరి చివర సర్జాపుర వైపు అపార్ట్‌మెంటుకు వచ్చేశాను. మా అమ్మాయి హరిణిని దగ్గర్లోని కొత్త బడిలో చేర్చాం. అద్దాల గోడలు, ఈతకొలను, గేటు దగ్గర వచ్చినవాళ్లందరి మీదా పన్నీరు చిమ్మే యంత్రం. బ్యాండు పెడతామని వాళ్లంటే నేనే మేష్ట్రు పేరు చెప్పాను. అప్పటికి ఆయన రిటైరై ఇంట్లో ఉన్నారు. బళేపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. అంత దూరం వచ్చినా ప్యాంటు మడత మాత్రం చెదిరేది కాదు. బస్సులో సీటు దొరికినా కూర్చునేవారు కాదేమోనని నా అనుమానం.

బడివాళ్లు విదేశాల నుంచి బ్యాండు పాటలు తెప్పించారు. రంగురంగుల అట్టలు, దళసరి కాగితం, తళతళలాడే అచ్చు. మేష్ట్రు అచ్చు కాగితాన్ని ఎప్పుడూ చులకన చేసేవారు కాదు. వేలితో తడిమి, వాసన చూసి, మొత్తం పాటను నిలబడే చదివేశారు.

"బాగుండాది. చాన బాగుండాది. ఎవురు రాసినారో గాని మంచి పనోడు" అన్నారు. తర్వాత హాల్లో కూర్చున్న పిల్లల వైపు చూశారు. "మన పిల్లోళ్లు ఇందులో యాడుండారు?"

ఎక్కడా లేరు. ట్రంపెట్ పట్టిన పిల్లాడికి మూడే స్వరాలు వచ్చు. పెద్ద బాకా ఎత్తుకున్న పాపకు ఉబ్బసం, గుక్క నిలవదు. హరిణికి అప్పుడే పళ్లకు క్లిప్పులు వేయించాం, రెండు వరసలు ఊదేసరికి చిగుళ్లు నొప్పి పుట్టేవి. మేష్ట్రు అందరి చేతులూ చూశారు, నోళ్లు తెరిపించి చూశారు. తర్వాత ఎవరి పేరున వాళ్లకు పార్టులు రాసుకొచ్చారు. మూడు స్వరాల పిల్లాడికి ఆ మూడే. కానీ పాట ఎక్కడ పైకెగుస్తుందో సరిగ్గా అక్కడ అవి పడేవి. వాడు వారమంతా ఆ చోటు కోసం ఎదురుచూసేవాడు. ఉబ్బసం పాపకు నాలుగేసి స్వరాల తర్వాత ఊపిరి తీసుకునే చోటు. అప్పుడు మిగతావాళ్లు పాటను మోసుకెళ్లేవాళ్లు. ఆ పాప ఆగిందని వినేవాళ్లకు తెలిసేదే కాదు.

వాళ్ల కోసం ఒక కొత్త పాట కూడా కట్టారు. సర్జాపుర రోడ్డు ట్రాఫిక్‌లో బస్సు ఆగుతూ కదులుతూ వస్తుంటే తట్టిన నడక అది. పిల్లలు దానికి బస్సు పాట అని పేరు పెట్టుకున్నారు. గొప్ప పాటేం కాదు. నా చెవికి మధ్యలో కొంచెం సాగదీసినట్టే ఉండేది. ఆ మాట ఆయనతో అంటే రెండు వారాలు నాతో ముభావంగా ఉన్నారు.

వార్షికోత్సవం దగ్గరపడింది. దుస్తుల సంగతి మాట్లాడాలని పేరెంట్స్ కమిటీ తరఫున నన్ను పిలిచారు. వెళ్లేసరికి డైరెక్టరమ్మ గదిలో మేష్ట్రు కూర్చుని ఉన్నారు. ఆవిడా తెలుగావిడే, హైదరాబాద్ నుంచి వచ్చింది.

"సర్, మీ ట్యూన్ చాలా బాగుంది. అందుకే స్టూడియోలో ప్రొఫెషనల్స్‌తో రికార్డ్ చేయించాం. పిల్లలు జస్ట్ ఇన్‌స్ట్రుమెంట్స్ పట్టుకుని నిలబడితే చాలు. వీడియోలో గ్రాండ్‌గా వస్తుంది" అని ఫోనులో వినిపించింది.

గుంపుగా వయొలిన్లు, పిడుగులు పడినట్టు డోళ్లు. వాటి కింద ఎక్కడో బస్సు పాట. మేష్ట్రు తల వంచుకుని చివరిదాకా విన్నారు.

"ఈడ ఒక పాప ఊపిరి తీసుకోవాల" అన్నారు. "ఆ చోటు యాడికి పోయింది?"

"సర్?"

"గ్యాపులన్నీ పూడ్చేసినారు గదమ్మా."

"ట్రాక్ కదా సర్. ఎవరూ ఊపిరి తీసుకోనక్కర్లేదు" అంది ఆవిడ నవ్వుతూ.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. చెడ్డ నవ్వు కాదు. నిజంగా ఆవిడకు అందులో తప్పేముందో అర్థం కాలేదు. నాకు వెగటు పుట్టింది అందుకే.

"అయితే పిల్లోళ్లు ఊదరా?"

"ఊదినట్టు చేస్తారు. ఎవరికీ తెలీదు సర్."

"పిల్లోళ్లకి తెలుస్తాది."

"ఫోర్ మినిట్స్ విషయం సర్..."

"ఛీ!" అంటూ లేచారు మేష్ట్రు. "ఎవురో ఊదిన ఎంగిలి గాలి నా పిల్లోళ్ల నోట్లో పెడ్తారా?"

"సర్, లాంగ్వేజ్ ప్లీజ్!"

ఆయన దువ్వెన తీసి జుట్టు దువ్వుకున్నారు. బాగా కోపమొచ్చినప్పుడు అలా చేసేవారు. తర్వాత బయటికి వెళ్లిపోయారు. నేను డైరెక్టరమ్మతో వాదించాను. ఆవిడ నా మాటలన్నీ ఓపిగ్గా విని, ఫీడ్‌బ్యాక్ ఇచ్చినందుకు థ్యాంక్స్ చెప్పింది. ఆ వారమే గ్రూపులో మెసేజ్ వచ్చింది, అనారోగ్య కారణాల వల్ల బ్యాండు మాస్టర్ విశ్రాంతి తీసుకుంటున్నారని. ఆయనకు అప్పటికి జలుబు కూడా లేదు.

ఆయన స్థానంలో ఒక కొరియోగ్రాఫర్ వచ్చాడు, బుగ్గలు ఎలా ఉబ్బించాలో నేర్పడానికి. ఈ వాక్యం రాస్తుంటే కూడా నాకు చేతులు కడుక్కోవాలనిపిస్తోంది. పిల్లలు అద్దం ముందు నిలబడి బుగ్గలు ఉబ్బించారు, భుజాలు ఊపారు, కనుబొమలు ఎగరేశారు. హరిణిని మానేయమన్నాను. స్నేహితులంతా ఉంటారని వెళ్లింది.

వార్షికోత్సవం రోజు పొగమంచు యంత్రాలు, రంగు దీపాలు, నెత్తిమీద తిరిగే డ్రోను కెమెరా. ట్రాక్ అయిపోగానే తల్లిదండ్రులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా పక్కావిడ కళ్లు తుడుచుకుని, "మా బాబు ఇంత బాగా వాయిస్తాడనుకోలేదు" అంది. ఆవిడ కొడుకే మూడు స్వరాల పిల్లాడు. వాడు ట్రంపెట్ పట్టుకుని తల్లివైపు చూడకుండా నేల చూస్తున్నాడు.

కారులో హరిణి బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది. తర్వాత, "అమ్మా, రీడ్స్ తీసేసి ఇచ్చారు" అంది.

రీడు అంటే క్లారినెట్ మూతికి బిగించే పలచటి రెల్లుబద్ద. అది లేకపోతే ఎంత ఊదినా గాలే తప్ప ధ్వని రాదు.

"ఎందుకట?"

"మిస్టేక్‌గా కూడా సౌండ్ రాకూడదని. నేను ఊదాను అమ్మా. అయినా ఊదాను. ఏం రాలేదు."

ఇంటికెళ్లి తనే మేష్ట్రుకు ఫోన్ చేసింది. "తాతా, మాకు బస్సు పాట నిజంగా వాయించాలనుంది." ఆయన జవాబు నాకూ వినిపించింది. "ఆదివారం వచ్చేయండప్పా. రీడు మరిచిపోవద్దండి."

మా అపార్ట్‌మెంటు హాలు అడిగితే శబ్ద కాలుష్యం అన్నారు. ఆ అన్నాయన గృహప్రవేశానికి రెండు రోజులు డీజే పెట్టాడు. మేష్ట్రు బళేపేటలో ఒక పెళ్లి సత్రం భోజనాల హాలు మాట్లాడారు. మర్నాడు అక్కడ పెళ్లి, ఒక పక్క వంటవాళ్లు చాపలు పరుచుకుని కూరగాయలు తరుగుతున్నారు. బడివాళ్ల వాయిద్యాలు బడిలోనే ఉన్నాయి. సొంతవి ఉన్నవాళ్లు తెచ్చుకున్నారు, మిగతావి మేష్ట్రు పాత కార్ఖానా స్నేహితులను అడిగి తెచ్చారు. ఒక్కోదాన్నీ కడిగి తుడిచి ఇచ్చారు. ఎవరి పార్టు వాళ్ల ముందు పెట్టారు.

వాయించారు. ఒక క్లారినెట్ కీచుమంది, అది మా అమ్మాయిదే. డ్రమ్ము ముందుకు పరుగెత్తింది. ఉబ్బసం పాప తన చోటు వచ్చినప్పుడల్లా ఆగి, నింపాదిగా ఊపిరి తీసుకుని, మళ్లీ అందుకుంది. పాట పైకెగిసే చోట ట్రంపెట్ పిల్లాడి మూడు స్వరాలూ ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. వాడి తల్లి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఈసారి కళ్లు తుడుచుకోలేదు, చప్పట్లు కొట్టలేదు. వెళ్లి వాడి పక్కన కూర్చుంది.

వంటవాళ్లలో ఒక ఆమె కత్తిపీట మీంచి లేవకుండానే అరిచింది. "ఇంగోసారి వాయించండప్పా! ఉల్లిగడ్డలు ఇంకా ఉండాయి!"

మేష్ట్రు కళ్లు తుడుచుకున్నారు. ఉల్లిగడ్డల వల్లనే అని మేమంతా ఒప్పుకున్నాం. తర్వాత పిల్లల వైపు తిరిగి, "రెండో లైనులో అందురూ తొందరపడినారు. మళ్లీ" అన్నారు.

ఆ తర్వాత వీలున్న ఆదివారాలు పిల్లలు వెళ్తూనే ఉన్నారు. పోయిన నెల కూడా వెళ్లారు. మంగళవారం పొద్దున పెద్దమ్మ కాఫీ పెట్టి లేపబోతే ఆయన లేవలేదు.

శుక్రవారం బడివాళ్లు సంతాప సభ పెట్టారు. పాత శిష్యురాలిని కదా, నన్ను మాట్లాడమన్నారు. రెండు పేజీలు రాసుకుని వెళ్లాను. వేదిక మీద ఆయన ఫొటో తలుపంత ఉంది. ముఖం మీది ముడతలు నున్నగా చెరిపేశారు. చుట్టూ ఎగురుతున్న స్వరాల బొమ్మలకు తోకలు తప్పువైపు ఉన్నాయి. ఆయన చూసి ఉంటే ఆ ఒక్కదానికే సభ వదిలి వెళ్లిపోయేవారు. డైరెక్టరమ్మ గొంతు వణికిస్తూ మాట్లాడింది. చివరి రోజు వరకూ ఆయన మా కుటుంబ సభ్యులే అంది.

తర్వాత విద్యార్థుల నివాళి అన్నారు. పిల్లలు వాయిద్యాలు పట్టుకుని వరసగా వచ్చారు. స్పీకర్లలోంచి ఆ వయొలిన్లు మొదలయ్యాయి.

అదే ట్రాక్. ఆయన చావుకు కూడా అదే ట్రాక్.

పిల్లల్లో కొందరు అలవాటుగా బుగ్గలు ఉబ్బించారు. హరిణి క్లారినెట్‌ను పెదాలకు ఆనించలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది, అంతే. ఉబ్బసం పాప హరిణిని చూసి తన బాకా కింద పెట్టేసింది. ట్రంపెట్ పిల్లాడు వేదిక దిగి వెళ్లిపోయాడు. స్పీకర్లు మాత్రం ఏమీ జరగనట్టు పాటంతా వాయించేశాయి.

నా పేరు పిలిచారు. నేను కుర్చీలోంచి లేచి, వేదిక కిందనే నిలబడ్డాను.

"మేడమ్, యువర్ స్పీచ్?" అంది డైరెక్టరమ్మ మైకు చాపుతూ.

"దాన్ని కూడా ఎవరితోనైనా రికార్డు చేయించి పెట్టండి. నేను పెదాలు కదిలిస్తాను" అన్నాను.

ఆవిడ జోకనుకుని సన్నగా నవ్వింది. హరిణి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. గేటు దగ్గర యంత్రం మా ఇద్దరి మీదా పన్నీరు చిమ్మింది.

ఆ సాయంత్రం మళ్లీ బళేపేట వెళ్లాను. పెద్దమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. నేను సభ సంగతి ఎత్తలేదు. ఆమే అడిగింది.

"ఆయప్ప పోయినపొద్దు ఈ వీదిలో ఒక్క కొమ్ము మోగలేదు మా. అంత ఊదిన మనిషి, సుమ్నే, సద్దు లేకుండా పోయినాడు. పదకొండో దినానికి పిల్లోళ్లు వస్తారా?"

వచ్చారు. పదకొండో రోజు పొద్దున, బడి మానేసి వచ్చారు. కొందరి తల్లిదండ్రులు ఆఫీసులు మానుకుని దింపారు. ఇల్లు చిన్నది, బంధువులతో నిండిపోయింది. పిల్లలు ఇంటిముందు మెట్ల మీద, అరుగు మీద, వీధిలో, ఎక్కడ చోటుంటే అక్కడ నిలబడ్డారు. కాగితాలు పెట్టుకోవడానికి స్టాండ్లు లేవు, ఒకరి పార్టు ఇంకొకరి వీపుకు పిన్నులతో గుచ్చారు. చెయ్యి ఊపడానికి ఎవరూ లేరు. హరిణి తల ఊపింది, అందుకున్నారు.

బళేపేట వీధి ఎవరి కోసమూ ఆగదు. గాజుల పెట్టెల తోపుడుబళ్లు, బట్టల బేళ్లు, స్కూటర్ల హారన్లు. ఆ రోజూ ఆగలేదు. పాటలో సగం ఆ గోలలో కొట్టుకుపోయింది. రెండో లైనులో అందరూ మళ్లీ తొందరపడ్డారు. పెద్దమ్మ గడపలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని వింది.

అప్పుడు ఒక కూలీ మా ముందుకొచ్చి ఆగిపోయాడు. నెత్తిమీద పెద్ద గుడ్డల బేలు, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, చెంపల మీంచి చెమట కారుతోంది. వెనక బండివాడు కన్నడలో తిడుతున్నాడు. అరుగు మీదున్న ఒక ముసలాయన, "దించుకోప్పా, దించుకుని విను" అన్నాడు. అతను దించలేదు. తల తిప్పడానికి కూడా వీల్లేని బరువు కింద, కళ్లు మాత్రం పిల్లల వైపు తిప్పి నిలబడ్డాడు. పాట అయిపోయింది. పిల్లలు వాయిద్యాలు దించారు. బళ్లు అతన్ని రాసుకుంటూ రెండు వైపులా నుంచి వెళ్లిపోతున్నాయి. అతను ఇంకా అక్కడే, బరువు నెత్తిన పెట్టుకుని, నిలబడే ఉన్నాడు.